మునగచెట్టుకి హార్స్‌రాడిష్ పేరెలా వచ్చింది?

మన పెరటి మునగని ఇంగ్లీషువాళ్ళు డ్రమ్‌స్టిక్ అనే కాదు, హార్స్‌రాడిష్ ట్రీ అని కూడా అన్నారు. ఆ పేరు కాయ చూసి పెట్టింది కాదు, వేరు రుచి చూసి పెట్టింది.

హార్స్‌రాడిష్ యూరప్‌లో ఇళ్ళ దగ్గర పెంచుకునే ఘాటు వేరు. జర్మన్లు దాన్ని దంచి, వెనిగర్ కలిపి చేపల్లోకి నంజుకుంటారని 1597లో జాన్ జెరార్డ్ తన మూలికల పుస్తకంలో రాశాడు. తర్వాత ఇంగ్లీషువాళ్ళకి మాంసం పక్కన అదుండాల్సిందే. చలిదేశపు మొక్క, మన ఎండలకి ఎక్కడ తట్టుకుంటుంది? అందుకని ఇక్కడి దొరల ఇళ్ళల్లో మునగవేరు తురిమి సరిపెట్టుకున్నారు. (తురుముతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది దొరసాని అయ్యుండదు లెండి!)

రెండిటిదీ మన ఆవపిండి ఘాటే. కోయని వేరుకి వాసనుండదు, తురిమితేనే ముక్కుకెక్కుతుంది. వెనిగర్ పడగానే ఆ ఘాటు అక్కడికి ఆగుతుంది.

అయితే పేరు చూసి మునగవేరు తవ్వకండి. ఆ వేరు పట్టలో విషగుణం ఉంది, గర్భసంచి ముడుచుకునేలా చేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళు దాని జోలికే పోకూడదు. దొరలు తిన్నారు కదా అనుకోవద్దు.

అమెరికాలో ఉన్న మా ఆడపడుచు అసలు హార్స్‌రాడిష్‌నే తొట్టిలో పెంచుతోంది. నేలలో వేస్తే చిన్న ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది, వదిలించుకోలేం. పెరుగుపచ్చడిలో ఆవకి బదులు అరచెంచా వేసి చూడమన్నాను.