నెయ్యిగా కరిగిన పులులు: పిల్లల పుస్తకాలకు తీర్పరులెవరు?

1975 చలికాలం. మేము ఈ దేశం వచ్చి అప్పటికి మూడేళ్ళు. శనివారం పొద్దున్న బట్టలు లాండ్రోమాట్‌లో వేసి, అవి ఆరేలోగా పక్క వీధిలోని లైబ్రరీకి వెళ్ళడం మా అలవాటు. ఒకనాడు అక్కడ పాత పుస్తకాలు అమ్ముతూంటే, పది సెంట్లు పెట్టి మా అమ్మాయికి ఒక చిన్న బొమ్మల పుస్తకం కొన్నాను. పేరు 'లిటిల్ బ్లాక్ సాంబో'. మన సాంబయ్య పేరులా వినిపించి ముచ్చటేసింది. తిరగేస్తే అందులో పులులు, బజారు, ఇత్తడి పాత్ర, చివరికి నెయ్యి కూడాను! అమెరికా వచ్చాక పిల్లల పుస్తకంలో నెయ్యి ప్రసక్తి చూడటం నాకదే మొదలు. ప్రాణం లేచివచ్చింది. "చూశావా తల్లీ, ఇది మన దేశపు కథ" అని ఆ రాత్రే చదివి వినిపించాను. ఏడేళ్ళ పిల్ల, కిక్కురుమనకుండా విన్నది.

నాలుగు రోజుల తరువాత ఆ పుస్తకం మంచం క్రింద సూట్‌కేసు వెనకాల దొరికింది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. బడి ఆవరణలో కొందరు పిల్లలు దానిని ఆ పేరు పెట్టే పిలుస్తున్నారట. "నాన్నా, ఆ బొమ్మలో ఉన్నది నేనా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆ సమాధానం చరిత్రలో ఉందని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ కథ పుట్టింది నిజంగా మన వైపే. వ్రాసినావిడ హెలెన్ బానర్‌మన్, స్కాట్లండు దేశస్థురాలు. భర్త ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరు. వారి కాపురం ముప్ఫయి ఏళ్ళపాటు మన దేశంలో, ఎక్కువగా మద్రాసు రాజధానిలో సాగింది. 1898లో కొడైకెనాల్‌లో పిల్లల్ని వదిలి మద్రాసుకు తిరిగివస్తూ, రైల్లో, వాళ్ళ కోసమే ఈ కథ అల్లిందని చెబుతారు. కథ అందరికీ తెలిసిందే. పిల్లవాడి ఎర్రకోటు, నీలం లాగు, ఊదా బూట్లు, ఆకుపచ్చ గొడుగు పులులు ఒక్కొక్కటే లాక్కుంటాయి. ఎవరు గొప్ప అని వాటిలో అవి దెబ్బలాడుకుని, చెట్టు చుట్టూ గిరగిర తిరిగి తిరిగి నెయ్యిగా కరిగిపోతాయి. ఆ నేతితో తల్లి అట్లు పోస్తే పిల్లవాడు 169 తింటాడు. మన అమ్మమ్మలు చెప్పినా ఇంతకంటే బాగా చెప్పరు.

1899లో లండనులో పుస్తకం అచ్చయింది. హక్కులు అయిదు పౌన్లకు అమ్ముడుపోయాయి. 1900లో ఈ దేశం చేరింది. ఇక్కడ కాపీరైటు సరిగా లేకపోవడంతో ఎవరికి తోచినట్లు వారు అచ్చు వేసుకున్నారు, ఎవరికి తోచిన బొమ్మలు వారు వేయించారు. బానర్‌మన్ బొమ్మల్లోనే వెక్కిరింపు ఛాయ లేకపోలేదు. ఇక్కడి బొమ్మల్లో పులుల దేశం కాస్తా దక్షిణాది తోటలయిపోయింది, పిల్లవాడు నల్లజాతివారిని ఎగతాళి చేసే వికారపు బొమ్మ అయ్యాడు. 'సాంబో' అన్నది ఇంగ్లీషులో అప్పటికే వారిని కించపరిచే మాట. నేను సాంబయ్య అనుకుని మురిసిపోయిన పేరు అది!

మరి ఇంతకాలం ఈ పుస్తకాన్ని మంచి పుస్తకమని ఎవరు చెప్పారు? చదువుకున్నవారే, పిల్లలంటే ప్రాణం పెట్టినవారే చెప్పారు.

పిల్లల పుస్తకాలను ఒక పద్ధతిగా సమీక్షించడం ఈ దేశంలో పట్టుమని నూరేళ్ళనాటి ముచ్చట. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో 1906 నుంచి పిల్లల విభాగం నడిపిన ఆన్ కారల్ మూర్, 1918లో 'బుక్‌మన్' పత్రికలో పిల్లల పుస్తకాల మీద శీర్షిక మొదలుపెట్టింది. 1922లో న్యూబరీ పతకం వచ్చింది. 1924లో బోస్టనులో, పిల్లల పుస్తకాల దుకాణం నడుపుతున్న బెర్తా మహోనీ 'హార్న్‌బుక్' పత్రిక స్థాపించింది. పిల్లల పుస్తకం కూడా సాహిత్యమే, దానికీ తూనికా కొలతా ఉండాలని లోకానికి నేర్పింది ఈ స్త్రీలే. ఆ ఋణం మనం మరువరాదు.

అయితే తీర్పరులన్నాక పొరపాట్లు తప్పవు. ఇ.బి. వైట్ వ్రాసిన 'స్టూవర్ట్ లిటిల్' అచ్చు కాకముందే చదివి, వెలువరించవద్దని మూర్ వైట్ దంపతులకు ఉత్తరం వ్రాసింది. 1945లో వచ్చిన ఆ పుస్తకాన్ని పిల్లలు నెత్తిన పెట్టుకున్నారు. ఇది అభిరుచిలో తేడా, పోనిద్దాం. సాంబో సంగతి అలాంటిది కాదు. దశాబ్దాల తరబడి కథలు చెప్పేవారి జాబితాల్లో ఆ పుస్తకం ఉంటూ వచ్చింది. జాబితా వ్రాసినవారి పిల్లల్ని ఎవరూ ఆ పేరు పెట్టి పిలవలేదు. నొప్పి ఎక్కడుందో వారికి తెలిసే అవకాశమే లేదు. 1932లోనే కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఈ పుస్తకం నల్లజాతి పిల్లల మనస్సును ఎలా గాయపరుస్తుందో వ్రాశాడు. విన్నవారు తక్కువ.

విని ఊరుకోకుండా పనిలోకి దిగిన మనిషి ఆగస్టా బేకర్. 1937లో హార్లెం 135వ వీధి లైబ్రరీలో చేరిన ఆవిడ, తమ పిల్లలు తలెత్తుకుని చదవదగిన పుస్తకాలను ఒక్కొక్కటే ఏరింది. 1939లో అక్కడ వాటితో ఒక ప్రత్యేక సేకరణ ఏర్పడింది. ఆ జాబితాను ఏళ్ళ తరబడి పెంచుతూ పోయింది. ఇది బాగాలేదు అనడంతో సరిపెట్టుకోకుండా, ఇదిగో ఇది బాగుంది అని చేతికి అందించింది. విమర్శకు అంతకన్న ఉపయోగం ఏముంటుంది?

1965 సెప్టెంబరు 11న 'సాటర్‌డే రివ్యూ' పత్రికలో నాన్సీ లారిక్ వ్యాసం వచ్చింది. పుస్తకాల్లో ఎప్పుడూ తెల్లపిల్లలే ఎందుకుంటారని ఒక అయిదేళ్ళ నల్లజాతి పాప అడిగిన ప్రశ్నతో అది మొదలవుతుంది. అంతకుముందు మూడేళ్ళలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలను లెక్క వేయిస్తే, నల్లజాతివారు ఒక్కరైనా కనిపించేవి 349. అంటే నూటికి 6.7. దాదాపు మూడు వారాలకు, అక్టోబరు 3న, ప్రెసిడెంటు జాన్సన్ కొత్త ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం చేశాడు. మనలో చాలామందికి ఈ దేశపు తలుపు తీసినది ఆ సంతకమే. ఆ తలుపులోంచి వచ్చిన మన పిల్లలు అడుగుపెట్టింది లారిక్ లెక్కపెట్టిన ఆ పుస్తకాల గదిలోకే.

ఆ గదిలో మన దేశపువాళ్ళు అసలు లేరని కాదు. కలకత్తా పావురం కథ 'గే-నెక్' వ్రాసిన ధనగోపాల్ ముఖర్జీకి 1928లోనే న్యూబరీ పతకం ఇచ్చారు. బెంగాలులో పుట్టి, 1910లో ఈ దేశం వచ్చి, చిన్నచిన్న పనులు చేసుకుంటూ చదువుకున్న మనిషి. ఆ పుస్తకం ఊరి లైబ్రరీలోనే ఉన్నా, 1975లో నాకు దాని పేరైనా తెలియదు. చెప్పేవారు లేక, పది సెంట్ల పుస్తకం కొని తెచ్చుకున్నాను.

1996లో సాంబో కథకు కొత్త రూపాలు రెండు వచ్చాయి. జూలియస్ లెస్టర్, జెర్రీ పింక్నీ కలిసి దానిని నల్లజాతివారి నుడికారంలో తిరిగి చెప్పారు. ఫ్రెడ్ మార్చెల్లినో బొమ్మలతో వచ్చిన రెండవది కథను మళ్ళీ మన దేశానికి చేర్చింది. అందులో పిల్లవాడు బాబాజీ, తల్లి మామాజీ, తండ్రి పాపాజీ. మద్రాసు దారిలో పుట్టిన కథకు ఉత్తరాది పేర్లు! మన ఇళ్ళలో మామాజీ అంటే తల్లి అని ఎవరనుకుంటారు? చిన్న విషయమే. అయినా ఇటువంటివి చెప్పవలసినది మనమే గదా.

ఇక మన సంగతి. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాల' పత్రిక పెట్టారు. 1947 జూలైలో 'చందమామ' ఉదయించింది. అందులో ఏ కథ ఏ రూపంలో పిల్లల ముందుకు రావాలో 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావుగారు దగ్గరుండి చూశారు. ఆయన చెయ్యి పడిందంటే మనం నిశ్చింతగా పిల్లల చేతికిచ్చాం. మనకు వేరే సమీక్షకుడు కావాలని తోచలేదు. ఇప్పుడు ఆ చందమామా లేదు, ఆ నిశ్చింతా లేదు. సికిందరాబాదు 'మంచి పుస్తకం' వంటి సంస్థలు శ్రద్ధగా పుస్తకాలు వేస్తున్నాయి. వాటిని ఇక్కడ పుట్టిన పిల్లవాడికి ఎలా చదివి వినిపించాలి, ఏ మాట దగ్గర ఆగిపోతాడు, ఎక్కడ నవ్వుతాడు అన్నది అక్కడివారు చెప్పలేరు, ఇక్కడి పత్రికలూ చెప్పలేవు.

అందుకని నా మనవి. మీ ఇంట్లో పిల్లలకు చదివిన పుస్తకం గురించి, తెలుగుదైనా, మనవాళ్ళ గురించి ఇంగ్లీషులో వచ్చినదైనా, పది వాక్యాలు ఈ పత్రికకు వ్రాసి పంపండి. పొగడ్తలు వద్దు. పిల్ల ఏమన్నదో దాని మాటల్లోనే వ్రాయండి. వినకుండా లేచిపోతే అదీ వ్రాయండి. ఏడాది తిరిగేసరికి మనకూ ఒక జాబితా తయారవుతుంది.

మొదటిది నేనే పంపుతున్నాను. మొన్న వేసవిలో మా అమ్మాయి తన కూతురికి పులుల కథ నోటితోనే చెప్పింది, పుస్తకం లేకుండా. పిల్లవాడికి పేరు పెట్టలేదు. అట్లు మాత్రం 169 పోసింది. ఆరేళ్ళ మనవరాలి సమీక్ష ఇది: "పులి నెయ్యి వాసనేస్తుంది తాతయ్యా, నేనైతే తినను. కానీ కథ మళ్ళీ చెప్పించు."