స్టెయిన్‌లెస్ స్టీల్ టంకం: నమూనా ఇంజన్ల ఇగ్నిషన్ పని

నమూనా విమానాల చిన్న పెట్రోలు ఇంజన్లలో ఇగ్నిషన్ తీగపై ఉండే లోహపు అల్లిక తొడుగు, ప్లగ్ క్యాప్ వంటి స్టెయిన్‌లెస్ స్టీల్ భాగాలను మెత్తని టంకంతో అతికే పద్ధతి. స్పార్కు నుంచి పుట్టే రేడియో అలజడి రిసీవరుకు సోకకుండా ఆపేది ఈ తొడుగే. కాబట్టి అతుకు గట్టిగా ఉంటే చాలదు, విద్యుత్తు అంతరాయం లేకుండా ప్రవహించాలి.

ఇబ్బందంతా క్రోమియంతోనే. ఈ ఉక్కులో కనీసం 10.5 శాతం ఉండే ఆ లోహం పైన పలుచని ఆక్సైడ్ పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది, టంకాన్నీ దగ్గరికి రానివ్వదు. రేడియో పనిలో వాడే రోజిన్ ఫ్లక్స్ ఈ పొరను కరిగించలేదు. గరుకు కాగితంతో రుద్ది, వెంటనే ఫాస్ఫారిక్ ఆమ్లం లేదా జింక్ క్లోరైడ్ ఉన్న ఫ్లక్స్ పూయాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ వేడిని రాగిలా త్వరగా పంచదు. ఒకేచోట కాల్చితే రంగు మారి, పొర మరింత మందమై, టంకం పూసల్లా జారిపోతుంది. ముందు రెండు భాగాలకూ విడివిడిగా టంకం పూత వేసుకోవడమే తెలివైన పని.

తగరం, సీసం కలిసిన మామూలు టంకం 183 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. సిలిండరు వేడికి దగ్గరగా ఉండే అతుకుకు 221 డిగ్రీల వద్ద కరిగే తగరం, వెండి మిశ్రమం మేలు.

పని ముగిశాక వేడినీళ్లు, వంటసోడాతో కడిగి ఆరబెట్టాలి. మిగిలిన ఆమ్లం తీగను తినేస్తుంది, అధిక వోల్టేజికి దొంగదారి ఇస్తుంది. స్పార్కు సమయాన్ని ఇగ్నిషన్‌కు తెలిపే హాల్ సెన్సరు తీగలకు ఈ ఫ్లక్స్ ఎప్పుడూ తాకించకూడదు. అదురు ఎక్కువున్నచోట టంకాన్ని ఒక్కదాన్నే నమ్మరాదు. అతుకుపై నొక్కి బిగించే రింగు (క్రింప్) కూడా వేయాలి.