జెంటూ అంటే ఎవరు?

1776లో లండన్‌లో ఒక పుస్తకం అచ్చయింది. పేరు 'ఎ కోడ్ ఆఫ్ జెంటూ లాస్'. అసలు పని జరిగింది కలకత్తాలో. వారన్ హేస్టింగ్స్ 11 మంది పండితులను కూర్చోబెట్టి సంస్కృతంలో ధర్మశాస్త్రాల సంగ్రహం రాయించాడు. దాన్ని పారశీకంలోకి మార్పించాడు. పారశీకం నుంచి నథానియల్ హాల్‌హెడ్ ఇంగ్లీషు చేశాడు.

జెంటూలంటే హిందువులు. ఇప్పుడు ఎవరూ వాడని ఈ మాట ఎక్కడిది? హాల్‌హెడ్ ముందుమాటలో దీన్ని మన 'జంతు' శబ్దంతో ముడిపెట్టాడు. ప్రాణి, మనిషి అని దాని అర్థం. స్థానికుల నోట విని పోర్చుగీసువాళ్లు పట్టుకుని ఉంటారని ఆయన ఊహ. ప్రపంచంలోని ప్రతి మాటకూ సంస్కృత మూలం చూపే పెద్దమనుషులు మనకూ ఉన్నారు, వాళ్లకు ఇది బాగా నచ్చుతుంది!

నాకు నచ్చదు. పోర్చుగీసులో 'జెంతియు' అనే మాట ముందే ఉంది. లాటిన్ 'జెంటిలిస్' నుంచి వచ్చింది. క్రైస్తవుడు కానివాడు, అన్యమతస్థుడు అని అర్థం. బ్రెజిల్ ఆదివాసులనూ వాళ్లు అలాగే పిలిచారు. అక్కడ 'జంతు' అన్నవాళ్లెవరు?

మన దేశంలో ముస్లింలను పోర్చుగీసువాళ్లు మూర్లు అన్నారు. మిగిలినవాళ్లు జెంతియులు. మనవాళ్లు టర్కీ మొహం చూడని ముస్లింలను కూడా తురకలన్నట్టే ఇదీను. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను అరువు తెచ్చుకున్నారు.

తిట్టుగా మిగిలితే పెద్ద నష్టం లేదు. చట్టంలోకి ఎక్కింది. హేస్టింగ్స్ 1772 ఏర్పాటులో పెళ్లి, వారసత్వం, కులం తగాదాలకు ముస్లింలకు ఖురాన్, జెంటూలకు శాస్త్రం. కలకత్తా సుప్రీంకోర్టు అధికారాలను సవరించిన 1781 చట్టంలోనూ జెంటూలే. శాస్త్రం పేరైనా వినకుండా తమ కులాచారంతో బతికేవాళ్లు కూడా పండితుల పుస్తకం కిందికి వచ్చారు. ఫలానా మతంవారు కారు అని చెప్పే మాట, ఫలానా మతంవారే అని చెప్పే ముద్ర అయింది.

మద్రాసులో కథ ఇంకో మలుపు తిరిగింది. అక్కడ తమిళులు 'మలబారులు', తెలుగువాళ్లు 'జెంటూలు'. 1816లో క్యాంప్‌బెల్ తన తెలుగు వ్యాకరణానికి 'సాధారణంగా జెంటూ అని పిలిచేది' అని తోక తగిలించాడు. విలియం బ్రౌన్ 1817లో నేరుగా జెంటూ భాషా వ్యాకరణమనే అన్నాడు. కలకత్తా పక్కన శ్రీరాంపూర్‌లో విలియం కేరీ మాత్రం 1814లోనే 'తెలింగాణ భాష' అని రాశాడు.

ఇప్పుడు జెంటూ అంటే అంటార్కిటికా వైపు ఉండే ఒక పెంగ్విన్. దాని పేరు పెట్టుకున్న ఒక లినక్స్ కూడా ఉంది.