జైలు: చట్టంలో నిర్వచనం, గుర్తింపు

భారతదేశంలో ఒక చోటు చట్టరీత్యా జైలు కావాలంటే రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు ఉండాలి. గోడలు, ఊచలు, కాపలా ఉంటే చాలదు. ఉదాహరణకు, రాజమండ్రిలో డచ్చివారు కట్టిన కోటను 1864లో జైలు చేశారు. 1870లో దానికి సెంట్రల్ జైలు హోదా ఇచ్చారు.

ఉత్తర్వు ఉండాలన్న ఈ సూత్రం 1894 నాటి జైళ్ల చట్టం 3వ సెక్షన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రభుత్వ సాధారణ లేదా ప్రత్యేక ఉత్తర్వు మీద ఖైదీలను ఉంచడానికి శాశ్వతంగా గానీ తాత్కాలికంగా గానీ వాడే ఏ చోటైనా జైలే. దానికి చెందిన భూములు, కట్టడాలు కూడా అందులో భాగమే. పోలీసుల అధీనంలోని వారిని మాత్రమే ఉంచే చోటును, అంటే లాకప్‌ను, నిర్వచనం నుంచి తప్పించారు. సబ్ జైలుగా ప్రకటించిన చోటుకూ ఇదే మినహాయింపు.

వినడానికి ఈ మినహాయింపు చిన్న మాటే. దాని బరువు మాత్రం మనిషి ఒంటి మీద పడుతుంది. 24వ సెక్షన్ ప్రకారం, క్రిమినల్ కేసులో జైలుకు వచ్చిన ఖైదీకి వీలైనంత త్వరగా వైద్యపరీక్ష చేయించాలి. ఒంటి మీది గాయాలు, మచ్చలు జైలర్ దగ్గరుండే పుస్తకంలో రాయాలి. ఏ దెబ్బ ముందే ఉంది, ఏది లోపలికి వచ్చాక తగిలింది అని తేల్చుకోవడానికి ఆ పుస్తకమే ఆధారం. లాకప్‌కు ఈ రక్షణ ఆ చట్టంలో లేదు. అరెస్టయిన వ్యక్తి కోరితే ఒంటి మీది గాయాలను నమోదు చేయాలని, కస్టడీలో 48 గంటలకోసారి వైద్యపరీక్ష జరపాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించేసరికి 1996 వచ్చింది. నూరేళ్లు దాటిన ఆ ఆలస్యం బాధాకరం.

జైళ్లు రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితా 4వ అంశం. అందుకే రాష్ట్రానికో తీరు. రాజ్యాంగానికి ముందే మద్రాసు ప్రెసిడెన్సీ 1925 నాటి చట్టంతో కుర్రవయసు నేరస్థులకు బోర్‌స్టల్ స్కూళ్లు ఏర్పరచింది. పశ్చిమ బెంగాల్ 1992 నాటి చట్టంలో జైలును ‘సంస్కరణ గృహం’గా మార్చింది. 2023లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు పంపిన నమూనా చట్టం పేరులోనే ‘సంస్కరణ సేవలు’ చేరాయి. లోపల డాక్టరు, పని, న్యాయసహాయం దొరికితేనే ఆ పేర్లకు విలువ.

అనంతపురం దగ్గర రెడ్డిపల్లి ఓపెన్ ఎయిర్ జైలులో సత్ప్రవర్తన గల ఖైదీలు పొలం పనులు చేస్తారు. పాత నిర్వచనంలోని ‘భూములు’ అన్న మాట ఇక్కడ అక్కరకొస్తుంది. ఎండలో వంగి కలుపు తీస్తున్న ఖైదీ, జైలు పొలం గట్టు దాటనంతవరకు జైల్లో ఉన్నట్టే. ఆ రోజు అతని శిక్షలో లెక్కకొస్తుంది.