పాత కారు వైరింగు: మరమ్మతు ఎప్పుడు? మార్పిడి ఎప్పుడు?

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 వంటి పాత కార్లు మన సరిహద్దు గ్రామాలలో నేటికీ కొన్ని ఇళ్లలో వాడుకలో ఉన్నాయి. అంబాసిడర్, మారుతి 800 కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయింది. ఇంజనుకు సకాలంలో ఆయిలు మార్చే యజమాని సైతం వైరింగును, దీపాలు ఆరిపోయేదాకా పట్టించుకోడు. ఇంజను చెడితే ప్రయాణం ఆగుతుంది. వైరింగు చెడితే లోపల కూర్చున్న కుటుంబంతో సహా బండికి నిప్పంటుకునే ప్రమాదముంది.

వైరు చెడుటకు కారణాలు

వైరుపై ఉండే ప్లాస్టిక్ తొడుగు ఇంజను వేడికి క్రమంగా గట్టిపడి పగులుతుంది. ఇంజను గది నుండి డాష్‌బోర్డు లోనికి వైర్లు వచ్చే రంధ్రం వద్ద రబ్బరు వాషరు అరిగిపోతే, రేకు అంచు వైరును కోస్తుంది. షెడ్డులో నెలల తరబడి నిలిపిన బండిలో ఎలుకలు వైర్లను కొరుకుతాయి. తేమ చేరిన చోట రాగి తీగ పచ్చగా చిలుమెక్కి, కరెంటు ప్రవాహానికి అడ్డుపడుతుంది.

ఫ్యూజు కాపాడేది వైరునే

ఫ్యూజు ఉన్నది బల్బును రక్షించడానికని చాలామంది భావిస్తారు. నిజానికది వైరు కాలిపోకుండా కాపాడుతుంది. 1 చదరపు మిల్లీమీటరు వైరుకు 10 ఆంపియర్లు, 1.5కు 15, 2.5కు 20 ఆంపియర్ల ఫ్యూజు సాధారణంగా తగినది. రెక్కల ఫ్యూజులలో ఎరుపు 10, నీలం 15, పసుపు 20 ఆంపియర్లకు గుర్తులు. ఫ్యూజు పదే పదే పోతున్నదని దాని స్థానంలో రాగి తీగ చుట్టుట, ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు పెట్టుట అత్యంత ప్రమాదకరం. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది.

దోషాన్ని కనుగొనే విధానం

పోయిన ఫ్యూజును తీసి, ఆ రెండు కొనల మధ్య 21 వాట్ల ఇండికేటరు బల్బును కలపాలి. ఆ ఫ్యూజు మీద నడిచే స్విచ్చులన్నీ ఆపి ఉంచాలి. బల్బు పూర్తి కాంతితో వెలిగితే ఎక్కడో వైరు బాడీకి తగులుతున్నదని అర్థం. ఆ ఫ్యూజు నుండి వెళ్లే కప్లర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ పోవాలి. ఏది విప్పినప్పుడు బల్బు ఆరుతుందో, దోషం దాని అవతల ఉంటుంది.

దీపం మసకగా వెలుగుతుంటే ముందుగా ఎర్తును పరీక్షించాలి. దీపం వెలుగుతుండగా దాని ఎర్తుకు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య మల్టీమీటరు 0.2 వోల్టుకు మించి చూపితే, ఎర్తు బోల్టు వద్ద తుప్పు, రంగు గీకి శుభ్రపరచాలి.

ఒకటి రెండు వైర్లు చెడినప్పుడు

పరీక్ష ముగిసి వైరుపై చేయి వేసే ముందు బ్యాటరీ ఎర్తు వైరును మొదట విప్పాలి. పని ముగిశాక దానినే చివర బిగించాలి. చాలా కార్లలో నెగటివ్ ఎర్తే ఉంటుంది. అయితే బాగా పాతకాలపు బ్రిటిష్ నమూనా కార్లు కొన్నింటిలో పాజిటివ్ ఎర్తు ఉండేది కనుక ముందే చూసుకోవాలి.

కొత్త వైరు పాతదాని మందంలోనూ, వీలైతే అదే రంగులోనూ ఉండాలి. ఇళ్లలో వాడే ఒంటి తీగ వైరు బండి అదురుకు విరుగుతుంది. సన్నని పోగులు గల ఆటో వైరే వాడాలి. కేవలం మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు నిలవదు. లగ్గుతో నొక్కి గాని, సోల్డరింగ్ చేసి గాని, పైన వేడికి బిగుసుకునే స్లీవు తొడగాలి. సోల్డరు చేసిన చోటికి ఆనుకొని వైరు విరిగే అవకాశముంది గనుక అతుకు కదలకుండా కట్టాలి.

మొత్తం కిట్టు మార్చవలసినప్పుడు

వైరును మెల్లగా వంచితే తొడుగు పెళుసుగా విరుగుట, పలుచోట్ల అతుకులుండుట, తీగ లోపలిదాకా నల్లబడుట కనిపిస్తే మరమ్మతు వృథా. వైరింగు కిట్టు మొత్తం మార్చుటే మేలు. పాతదానిని విప్పే ముందు ప్రతి కప్లరును ఫొటో తీసి, ప్రతి కొనకు అంకె రాసిన చీటీ కట్టాలి. పాత కిట్టును నేలపై పరచి, కొత్తదానితో పొడవు, కొనలు సరిపోల్చాలి. పాత వైరు కొనకు దారం కట్టి లాగితే, కొత్తదానిని అదే దారి గుండా రప్పించవచ్చు.

హెడ్‌లైట్లకు రిలే

60 వాట్ల బల్బు 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు తీసుకుంటుంది, రెండింటికి 10. పాత బండిలో ఈ కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్చు గుండా వస్తే స్విచ్చు వేడెక్కుతుంది. వెలుగు కోసం 100 వాట్ల బల్బులు పెడితే రెండింటికి దాదాపు 17 ఆంపియర్లవుతుంది. బల్బు మార్చుట కన్నా రిలే పెట్టుట ఉత్తమం. బ్యాటరీ నుండి ఫ్యూజు మీదుగా వచ్చే వైరును రిలే 30వ కొనకు, దీపం వైరును 87కు, పాత స్విచ్చు వైరును 86కు, ఎర్తును 85కు కలపాలి. డిమ్ముకు, బ్రైటుకు వేర్వేరు రిలేలు కావాలి.

కాగితంపై పటం

సరిహద్దున ఉన్న మన బండ్లు నేడు ఒక రాష్ట్రంలో, రేపు మరొక రాష్ట్రంలో మరమ్మతుకు వెళ్తాయి. మెకానిక్కు కన్నడమే వచ్చినా, తమిళమే వచ్చినా, ఒడియానే వచ్చినా అంకెకు భాష అడ్డురాదు. మార్చిన వైర్ల రంగులు, ఫ్యూజుల ఆంపియర్లు, చీటీల అంకెలు గల పటాన్ని గీసి బండి కాగితాలతో ఉంచుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగిసి, ఆపై పునరుద్ధరించవలసి వస్తుంది. ఆ తనిఖీలో దీపాలు, హారన్, ఇండికేటర్లు పనిచేయాలి. వైరింగు పనిని తనిఖీ గడువుకు ముందే, పగటి వెలుగులో, తొందర లేని రోజున చేయించుకొనుట శ్రేయస్కరం.