ఫుట్‌బాల్ అభిమాన సంఘాలు: రైల్వే పట్టణం నుంచి గచ్చిబౌలి వరకు

ప్రేక్షకులు వేరు, అభిమాన సంఘాలు వేరు. ప్రేక్షకుడు ఆట చూసి ఇంటికి వెళతాడు. సంఘానికి పేరు, పతాకం, పాటలు, గ్యాలరీలో తనదైన చోటు ఉంటాయి. ఓడినా జట్టును విడువకపోవడం దాని నియమం. ఐరోపాలోని పాత సంఘాలలో ఒకటైన ‘టోర్సిడా’ 1950లో క్రొయేషియాలోని స్ప్లిట్ నగరంలో ఏర్పడింది.

మన దేశంలో ఈ అనుబంధానికి ఒక మూలం ఉద్యోగమే. బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి కొత్త కాదు. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న తీర మార్గం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో చేరడంతో ఈ రెండు ఊళ్లూ ఒకే కంపెనీ కిందికి వచ్చాయి. ఆ రైల్వే జట్టు కలకత్తా మైదానాలలో ఆడేది. కంపెనీ పోయి ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా జట్టును బీఎన్ఆర్ అనే పిలిచారు. 1960లలో రైల్వేస్ జట్టు మూడుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది. హైదరాబాద్‌లో అదే స్థానం పోలీసు జట్టుది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో అది 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ సాధించింది.

కలకత్తాలో మాత్రం జట్టును నిర్ణయించేది ఉద్యోగం కన్నా పుట్టిన నేల. తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చినవారిలో అత్యధికులు ఈస్ట్ బెంగాల్ పక్షం. ఆ పోటీ ఎంతదూరం పోగలదో 1980 ఆగస్టు 16న తేలింది. ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన ఘర్షణ, తొక్కిసలాటలలో 16 మంది మరణించారు. అదే అభిమానులు 2024 ఆగస్టు 18న మరో రూపంలో కనిపించారు. ఆర్జీ కర్ వైద్యురాలి హత్యపై నిరసనల నడుమ డెర్బీ మ్యాచ్ రద్దు కాగా, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ అభిమానులు సాల్ట్ లేక్ స్టేడియం వద్ద ఒక్కటై న్యాయం కోరారు. సంఘాలను అల్లరిమూకలుగా మాత్రమే చూసేవారు ఈ రెండు తేదీలనూ కలిపి చదవాలి.

తెలుగు నేలపై ఇటీవలి ఉదాహరణ హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానుల ‘డెక్కన్ లీజియన్’. క్లబ్ 2019లో ఏర్పడింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో 3-1తో ఓడించి ఐఎస్ఎల్ విజేత అయింది. విచిత్రమేమిటంటే, కోవిడ్ కారణంగా ఆ సీజన్‌లో గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. తరువాత ఆర్థిక ఇబ్బందులు ముదిరాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది.

ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్‌ను వేరే ఊరికి తరలించేందుకు అనుమతి లభించినప్పుడు, అభిమానులు 2002లో ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరిట తమ సొంత క్లబ్ స్థాపించారు. జర్మనీలో కొన్ని మినహాయింపులు తప్ప, క్లబ్ ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్నది నియమం. మన లీగ్‌లో అటువంటి నిబంధన లేదు. క్లబ్ ఊరు మారాలంటే అభిమానుల ఓటు అవసరం లేదు.