దేశీయ వైద్యుల వేతన వివాదము: గోదావరీ మండలముల దృష్టితో ఒక పరిశీలనము

ఆంధ్రదేశమందలి వైద్యశాస్త్ర చరిత్రను పరిశీలించిన పండితులు గ్రంథముల కాలనిర్ణయమును, రసౌషధముల ప్రక్రియలను, పాఠభేదములను గూర్చి విశేషముగా శ్రమించిరి. బసవరాజీయము వంటి గ్రంథముల విషయమున ఆ శ్రమ సార్థకమే. కాని వైద్యుడు దేనిచే జీవించెను, ఎవరు అతనికి ఎంత ఇచ్చిరి, ఆ ఇచ్చినదానికి ఏ కారణము చెప్పిరి అను ప్రశ్నలు మాత్రము చరిత్రకారుల దృష్టికి అంతగా రాలేదు. జీతపు పట్టికలు శాస్త్రచర్చకు తగిన వస్తువులు కావని భావించియుందురు. మాకు అట్లు తోచదు. ఒక విద్యకు రాజ్యము కట్టిన వెల ఎంతో తెలియవలెనన్న, ఆ విద్యను ప్రశంసించిన తీర్మానములకంటె ఆ పట్టికలే విశ్వసనీయమైన సాక్ష్యములు.

'జీతము' అను మాట 'జీవితము' నుండి వచ్చిన తద్భవము. ఆ మాటకు మొదట మనుగడకై ఏర్పరచిన ఆధారమని అర్థము. పూర్వము ఆ ఆధారము తరచు భూమి రూపమున నుండెను. రుద్రమదేవి కాలమున 1261లో వేయబడిన మల్కాపుర శాసనమున విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన గ్రామముల ఆదాయమునుండి ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును భాగము ఏర్పరచబడినది. ఆ శాసనమును సాహిత్య విద్యార్థులు గోళకీమఠ చరిత్రకొరకు చదువుదురు. వైద్యుని పోషణము ధర్మకార్యముగా ఎంచబడిన కాలమునకు అది సాక్ష్యమని కూడ చదువవచ్చును. భూమి పొందిన వైద్యునకు పంట తగ్గుననెడి భయము కలదు గాని, పొరుగు వైద్యునకంటె తన తరగతి తక్కువయను బాధ లేదు. 'శ్రేణి' అనునది నగదు జీతముతో వచ్చినది; నగదు జీతము ఆంగ్లేయ పాలనలో స్థానిక సంస్థలతో వచ్చినది.

1925లో పాత కృష్ణా మండలమునుండి పశ్చిమ గోదావరి ఏర్పడినది. పాత గోదావరి మండలము తూర్పు గోదావరియైనది. ఏలూరు, కాకినాడలు ఆ రెండింటికి ముఖ్యపట్టణములు. గ్రామములందలి ఆసుపత్రుల భారము 1920 నాటి మద్రాసు స్థానిక సంస్థల చట్టముననుసరించి మండల, తాలూకా బోర్డులపై నుండెను. ఈ బోర్డుల రాబడిలో భూమి సెస్సు ప్రధానమైనది. ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తియైన పిమ్మట మాగాణిగా మారిన నేలపై ఆ సెస్సు హెచ్చుగా లభించుటచే, మెట్టప్రాంతపు బోర్డులకు లేని వెసులుబాటు డెల్టా బోర్డులకు కలిగినది. కాలువలు ధనమునేగాక నిలువనీటిని కూడ తెచ్చినవి. జ్వరములు, బోదకాలు, పుష్కరములనాడు యాత్రికులవెంట వచ్చు విషూచి, ఇవన్నియు ఈ ప్రాంతపు వైద్యునకు నిత్యపరిచితములు. పని కొరత ఎన్నడును లేదు.

మద్రాసు ప్రభుత్వము దేశీయ వైద్యమువైపు చూచుటకు ముందు దానిని ఒకమారు త్రోసివేసినది. 1918లో డాక్టరు కోమన్‌ను దేశీయౌషధముల పరిశోధనకు నియమించినది. ఆయన నివేదికలు వైద్యులకు ఆగ్రహము కలిగించినవి. పిమ్మట 1921లో మహమ్మదు ఉస్మాను అధ్యక్షుడుగా, కెప్టెను జి. శ్రీనివాసమూర్తి కార్యదర్శిగా ఒక సంఘము నియమింపబడినది. 1923లో వెలువడిన ఆ సంఘపు నివేదిక దేశీయ వైద్యపద్ధతులు శాస్త్రీయములని ఒప్పుకొన్నది. కాయచికిత్సలో సమర్థములని, శస్త్రచికిత్సలో వెనుకబడినవని చెప్పినది. వీనితోపాటు మరియొక మాట చెప్పినది: ఈ వైద్యము చౌకయైనది.

మా వాదమంతయు ఈ చివరి మాటపై ఆధారపడియున్నది. ఆ నాటి వైద్యులు తమ విద్యను సమర్థించుకొనుచు పదే పదే వాడిన యుక్తి ఇదియే. మూలికలు మన నేలలోనే దొరకును, పరదేశపు మందులకు ధనము పోదు, పేదవానికి అందుబాటులో నుండును అని వారనిరి. అది అసత్యము కాదు. ధనము చాలని ప్రభుత్వమును ఒప్పించుటకు అంతకంటె మంచి యుక్తి మరియొకటి లేదు కూడ. కాని మందు చౌకయని చెప్పిన వాదమును లెక్కలు వ్రాయువారు వైద్యుడు చౌకయని చదువుకొనిరి. రాజద్వారము తెరచిన తాళపుచెవియే పిదప కాలికి సంకెల యైనది.

పానగల్లు రాజా ముఖ్యమంత్రిగా నున్న కాలముననే, 1925లో, మద్రాసున ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల తెరువబడినది. శ్రీనివాసమూర్తి దానికి ప్రథమాధ్యక్షుడు. అందు ఆయుర్వేద, సిద్ధ, యునానీ శాస్త్రములతోపాటు శారీరము, శస్త్రవిద్య మొదలైన పాశ్చాత్య విషయములు కూడ బోధించి ఎల్.ఐ.ఎమ్. పట్టమిచ్చిరి. ఇట్టి మిశ్రవిద్యకు అప్పటికే ఆంధ్రులలో ఆదర్శము లేకపోలేదు. పశ్చిమ గోదావరి ప్రాంతమున పుట్టిన డాక్టరు ఆచంట లక్ష్మీపతి పాశ్చాత్య వైద్యమున పట్టము పొందియు పండిత దీవి గోపాలాచార్యుల మార్గమున ఆయుర్వేదమును స్వీకరించిరి. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి 1946లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమున ఆరోగ్యశాఖను వహించిరి. కాని లక్ష్మీపతిగారికి రెండు విద్యలును గౌరవము తెచ్చినవి, ఎల్.ఐ.ఎమ్. పొందిన గ్రామవైద్యునకు రెండు విద్యలును కలిసి ఒక్క పూర్తి జీతము తేలేకపోయినవి.

ఏలయన, అప్పటికే నిచ్చెన కట్టబడియుండెను. 1924లో గ్రామములందు నిలుచు వైద్యులకు సహాయధనమిచ్చు పథకము ఆరంభమైనది. దానిలో ఎమ్.బి.బి.యస్. పట్టభద్రునకు సాలునకు 600 రూపాయలు, ఎల్.ఎమ్.పి. వైద్యునకు 400 రూపాయలు. ఊరు ఒక్కటే, రోగి ఒక్కడే, జ్వరము ఒక్కటే, పట్టమునుబట్టి ధనము. పాశ్చాత్య వైద్యములోనే ఇట్టి భేదము స్థిరపడిన పిమ్మట, క్రొత్తగా వచ్చిన దేశీయ పట్టమును ఆ నిచ్చెనకు క్రిందిమెట్టుగా భావించుట అధికారులకు సహజముగా తోచినది. వంశపారంపర్యముగా వైద్యము చేయుచు పట్టమేమియు లేనివాడు ఆ మెట్టునకును క్రింద నిలిచినాడు. వానిలో శాస్త్రపాండిత్యము గలవారు ఎందరున్నను పట్టికలో దానికి గడి లేదు.

ఇచట మేము జీతమునుండి కొంచెము ప్రక్కకు తొలగి ఔషధశాలలోనికి పోవలెను. పాశ్చాత్య వైద్యశాలలో మందులు సీసాలలో సిద్ధముగా వచ్చును, కలుపుటకు కాంపౌండరుండును. ఆయుర్వేద వైద్యశాలలో మందు చేయుటయే సగము పని. మూలికలు సేకరించి ఆరబెట్టవలెను, చూర్ణములు దంచి వస్త్రగాళితము పట్టవలెను, కషాయములు నాలుగవ వంతునకో ఎనిమిదవ వంతునకో మరిగించవలెను, లోహమును శుద్ధిచేసి పుటములు వేసి భస్మమగువరకు మరల మరల కల్వమున నూరవలెను. రోగిని చూచు సమయమునకు ఎన్నియో రెట్లు ఈ పని కలదు. కాని పనిని కొలుచునపుడు ఓ.పి. పుస్తకమున చేరిన రోగుల సంఖ్యనే లెక్కించిరి గాని కల్వము ముందు గడచిన గంటలను లెక్కించినవారు లేరు. మందులకై ఇచ్చు మొత్తము చాలనిచో మంచి ఔషధము తయారుకాదు. తయారుకానిచో రోగులు రారు. రోగులు రానిచో జీతము పెంచనవసరములేదని తేలును. వేతన వివాదమును ఔషధవ్యయమునుండి వేరుచేసి చూచుట సరికాదని మా అభిప్రాయము.

స్వాతంత్ర్యానంతరము చోప్రా సంఘము 1948లోను, ఉడుప సంఘము 1959లోను నివేదికలిచ్చినవి. వాని ప్రధాన చర్చ మిశ్రవిద్యయా, శుద్ధాయుర్వేదమా అనునది. ఆ చర్చ సాగుచుండగనే మద్రాసు విద్యాలయము 1960లో కీల్పాకు వైద్య కళాశాలగా, అనగా పాశ్చాత్య వైద్య కళాశాలగా మారిపోయినది. మిశ్రవిద్యకు మొదటి పీఠమైన సంస్థయే ఇట్లు ఒడ్డు మారుట గమనింపదగినది. ఆంధ్రరాష్ట్రమున 1956లో ఆయుర్వేద, హోమియోపతీ వైద్యుల నమోదు చట్టము వచ్చినది. ఆ ఏడే తెలంగాణముతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటచే మరియొక చిక్కు తోడైనది. నిజాము రాజ్యమున యునానీ వైద్యము ప్రభుత్వశాఖగానే పెరిగినది. కోస్తాలో దేశీయ వైద్యము చాలవరకు స్థానిక బోర్డుల నీడలో పెరిగినది. ఒకే రాష్ట్రమున ఒకరికి సర్కారు యజమాని, వేరొకరికి బోర్డు యజమాని. 1959లో జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు ఏర్పడిన పిదప గోదావరీ మండలముల వైద్యుని యజమాని పేరు మారినది గాని ఈ భేదము వెంటనే తొలగలేదు.

క్రమముగా వైద్యులలోనే తరగతులు హెచ్చినవి. పాత ఎల్.ఐ.ఎమ్. వారు, వారి తరువాతి జి.సి.ఐ.ఎమ్. వారు, డిప్లొమా వారు, 1970 నాటి కేంద్ర మండలి చట్టము తరువాత వచ్చిన బి.ఎ.ఎమ్.యస్. పట్టభద్రులు, అందరును ఒకే విధమైన వైద్యశాలలను నడుపుచు వేర్వేరు శ్రేణులలో నిలిచిరి. అందుచే మొదట ఆయుర్వేదమునకును అల్లోపతికిని నడుమనున్న వివాదము ఆయుర్వేద వైద్యుల నడుమకు కూడ వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఆయుర్వేద వైద్యాధికారుల వేతన శ్రేణులను గూర్చిన వివాదము 1981లో సుప్రీము కోర్టు తీర్పునకు విషయమైనది. సమానమైన పనికి సమానమైన వేతనమను సూత్రము కేవలము అమూర్తసిద్ధాంతమని 1962లో ఆ న్యాయస్థానమే భావించియుండెను. 1982లో రణధీర్ సింగు వ్యాజ్యమున, అనంతపురము ప్రాంతపు తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డిగారు ఆ దృష్టిని మరల్చి, రాజ్యాంగపు 39వ అధికరణమున చెప్పిన ఆదేశమును సమానత్వపు హక్కుతో ముడివేసిరి. ఆ వ్యాజ్యము ఒక పోలీసు వాహనచోదకునిది. దాని ఫలమును వైద్యులును ఆశించిరి.

2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య ప్రణాళికచే ఆయుష్ వైద్యులు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములందే అల్లోపతీ వైద్యుల ప్రక్క గదిలో కూర్చుండిరి. దూరమున ఉన్నపుడు కనబడని భేదము ఒకే వసారాలో కనబడక మానదు. తీర్పులును ఒక దిక్కున సాగలేదు. 2021లో ఢిల్లీ నగరపాలక సంస్థ వ్యాజ్యమున పదవీవిరమణ వయస్సు విషయమై ఆయుష్ వైద్యులకు సమానత్వము లభించినది. 2022లో ఉత్తరాఖండము వ్యాజ్యమున ఒప్పందముపై పనిచేయు ఆయుర్వేద వైద్యులకు సమాన వేతనము ఒప్పుకొనబడినది. 2023 ఏప్రిలులో గుజరాతు వ్యాజ్యమున మాత్రము సుప్రీము కోర్టు భిన్నముగా తీర్పుచెప్పినది. ఆయుర్వేద వైద్యులు అత్యవసర చికిత్సను, ప్రమాదములలో గాయపడినవారి చికిత్సను, శవపరీక్షను చేయరు గావున ఎమ్.బి.బి.యస్. వైద్యులతో సమాన వేతనము కోరజాలరని ఆ తీర్పు సారాంశము.

ఈ తీర్పు చెప్పిన వాస్తవములను కాదనుట కష్టము. రాత్రివేళ ప్రమాదమున గాయపడినవానిని ఆయుర్వేద వైద్యశాలకు తీసికొనిపోరు. కాని ఆ పనులు చేయుటకు వలయు సాధనములను, అధికారమును ఆ వైద్యునకు రాజ్యము ఇచ్చినదా అను ప్రశ్న మిగిలియే యున్నది. వైద్యుల పక్షమునను ఒక దోషము మాకు కనబడుచున్నది. విద్యాసభలలో తమ శాస్త్రము పూర్తిగా భిన్నమైనదని, దానిని పాశ్చాత్యపు కొలబద్దతో కొలువరాదని వాదించిరి. వేతన సంఘముల ఎదుట తమ పని పాశ్చాత్య వైద్యుని పనితో సమానమని వాదించిరి. రెండు వాదములును వేర్వేరుగా న్యాయములే. ఒకే నోటినుండి వచ్చినపుడు ఒకటి రెండవదానిని బలహీనపరచినది. ఔషధనిర్మాణమునకు పట్టు కాలమును, శ్రమను లెక్కించి, తమ పనికి తగిన స్వతంత్రమైన కొలతను కోరినచో వాదము దృఢమయ్యెడిది. అట్టి కొలతను ఏ వేతన సంఘమును నిర్మింపలేదు.

2022 ఏప్రిలులో జిల్లాల పునర్విభజనచే పాత గోదావరీ మండలములు కాకినాడ, కోనసీమ, ఏలూరు మొదలైన జిల్లాలుగా విడిపోయినవి. స్థానిక బోర్డులనాటి వైద్యశాలల పుస్తకములు ఏ కార్యాలయమున నున్నవో వెదకి, మందుల పద్దును జీతపు పద్దుతో చేర్చి చదువదగిన పరిశోధకుడు ఇకముందు రావలసియున్నాడు. ఇంతలో, 2025లో రాజస్థాన్ వ్యాజ్యమున, ఆయుష్ వైద్యులను అల్లోపతీ వైద్యులతో సేవానియమములలో సమానులుగా నెంచవచ్చునా అను ప్రశ్నను సుప్రీము కోర్టు విస్తృత ధర్మాసనమునకు నివేదించినది.